మెమరీ కార్డుకు నకలు: సభ్యుల లెక్కకు రక్ష

సభ్యునికి పైకం ముట్టేది లెక్కను బట్టి. ఏ పూట ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, ఎస్‌.ఎన్‌.ఎఫ్‌. ఎంత అన్నది పూర్వం రిజిస్టరులో ఉండేది. ఆ లెక్కను రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరుకు అప్పగించిన సంఘాల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

అరచేతిలో ఇమిడే ఈ యంత్రం 2012లో బ్రిటన్‌లో వెలువడింది. బడిపిల్లలకు కంప్యూటరు నేర్పాలని తయారుచేసినా, ధర తక్కువ కావడంతో అనేక పనులకు వాడుకలోకి వచ్చింది. సాధారణంగా దీనికి హార్డ్‌డిస్కు ఉండదు. యంత్రాన్ని నడిపే ప్రోగ్రామూ, మన లెక్కలూ గోరంత కార్డులోనే ఉంటాయి. కార్డు చెడితే రెండూ పోతాయి. బిల్లు మధ్యలో చెడితే ఎవరికి ఎంత రావాలో తేల్చడం కష్టం.

కార్డు ఎందుకు చెడుతుంది? చెరిపి రాయడాన్ని అది ఒక హద్దు వరకే ఓర్చుకుంటుంది. రాస్తుండగా కరెంటు పోతే లెక్క తారుమారు కావచ్చు. ఇక మన ప్రాంతానికి నీటి భయం ఉండనే ఉంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కలిసేది కొల్లేటిలోనే. ఏలూరు మీదుగా వచ్చే తమ్మిలేరూ అక్కడికే చేరుతుంది. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగుతుంది. కాబట్టి కార్డూ, నకలూ ఒకే బల్ల సొరుగులో ఉంచితే ప్రయోజనం లేదు.

నకలు తీసే పద్ధతి ఇది:

1. యంత్రాన్ని పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసి, ఆ తర్వాతే కరెంటు తీసి, కార్డు బయటకు తీయండి.

2. కార్డు రీడరులో ఉంచి విండోస్ కంప్యూటరుకు తగిలించండి. ఫార్మాట్ చేయాలా అని అడిగితే వద్దనండి. సరేనంటే ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది.

3. ఫైళ్లను విడివిడిగా కాపీ చేస్తే చాలదు. కార్డులో ముఖ్యభాగం విండోస్‌కు కనిపించదు. విన్32 డిస్క్ ఇమేజర్ వంటి ప్రోగ్రాముతో కార్డు మొత్తాన్ని ఒకే ఫైలుగా తీయాలి. అందులో ‘రీడ్’ నొక్కితే నకలు వస్తుంది. ‘రైట్’ నొక్కితే కార్డు మీద ఉన్నది పోతుంది. 32 జీబీ కార్డుకు దాదాపు అంత జాగా కావాలి.

4. ఆ నకలును మరో కార్డు మీద ఎక్కించి, యంత్రంలో పెట్టి నడిపి చూడండి. కొత్త కార్డు పాతదానికన్నా కొంచెమైనా చిన్నదైతే పట్టదు. నడిపి చూడని నకలును నమ్మవద్దు.

కార్డు మొత్తానికి నకలు నెలకొకసారి, ప్రోగ్రాము మార్చినప్పుడల్లా తీస్తే చాలు. ఆనాటి పాల లెక్కను మాత్రం రోజూ పెన్‌డ్రైవులోకి ఎత్తుకోవాలి. ఒక నకలు సంఘంలోనే, మరొకటి మెరక మీద ఉన్న వేరే ఇంట్లో తాళం వేసి ఉంచాలి. అందులో సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉండవచ్చు. సభ్యులు కూడా తమ పాల చీటీలను బిల్లు అందేదాకా పారవేయరాదు.

పెరుగంతా వడ్డించేసే ఇల్లాలు కూడా తోడుకు ఒక చెంచా పక్కన పెడుతుంది. కార్డు నకలు అటువంటిదే. ఎవరు, ఏ రోజున నకలు తీయాలో, ఎక్కడ ఉంచాలో వచ్చే పాలకవర్గ సమావేశంలో తీర్మానించి మినిట్సు పుస్తకంలో రాయించవలసిందిగా సంఘాలను కోరుతున్నాము. “నకలు ఎక్కడ ఉంది? నడిపి చూశారా?” అని సభ్యులు అడగడంలో తప్పులేదు. అది వారి పాల డబ్బు.