కమ్యూనిటీ కాలేజీ: తలవంపు కాదు, తెలివిగా ఎక్కవలసిన మెట్టు

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో పిల్లల పన్నెండవ తరగతి ముగిసే వేళ ఒక చర్చ మొదలవుతుంది. కోరుకున్న విశ్వవిద్యాలయంలో సీటు రాలేదు. వచ్చిన చోట ఫీజు భరించలేము. మరి ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో చేర్పించవచ్చునా? "బంధువులు ఏమనుకుంటారు?" అన్నది తల్లిదండ్రులకు కలిగే మొదటి సంకోచం. "రేపు వైద్య విద్యకో న్యాయ విద్యకో వెళ్లేటప్పుడు ఇది అడ్డు రాదా?" అన్నది రెండవది. మొదటిదాన్ని పక్కన పెడదాం. రెండవది మాత్రం తప్పక ఆలోచించదగినది.

ఈ కళాశాలలు నిన్న మొన్న పుట్టినవి కావు. ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియట్ జూనియర్ కాలేజీ 1901లోనే ప్రారంభమైంది. కాలిఫోర్నియా 1960లో రూపొందించుకున్న ఉన్నత విద్యా ప్రణాళిక ఈ మార్గానికి స్పష్టమైన స్థానం కల్పించింది: మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, తరువాతి రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి బదిలీ కావడం. దీనినే ట్రాన్స్‌ఫర్ అంటారు. చివరకు చేతికి వచ్చే పట్టా మీద ఆ విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది.

ఖర్చులో తేడా చాలా పెద్దది. కాలిఫోర్నియా నివాసులకు కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కు 46 డాలర్లు. బదిలీకి సాధారణంగా కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లకు 2,760 డాలర్లు. విశ్వవిద్యాలయంలో ఒక్క ఏడాది ఫీజే పదివేల డాలర్లు దాటుతుంది. వడ్డీ అప్పు జోలికి పోరాదనుకునే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. అయితే ఈ తక్కువ ఫీజు నివాసులకే. ఇక్కడి నుంచి విద్యార్థి వీసాపై వెళ్లేవారు దానికి ఎన్నో రెట్లు చెల్లించాలి.

ఇక ప్రవేశం సంగతి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు, నిర్ణీత కోర్సులు, మార్కులు సాధించిన ఆ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు సీటు హామీ ఇస్తాయి. విద్యార్థి వాటిలో ఒక్క దానినే ఎంచుకోవాలి. బర్కిలీ, లాస్ ఏంజిలెస్, శాన్ డియేగో ఈ హామీ ఇవ్వవు. అక్కడ పోటీపడి గెలవాలి. ఇంజనీరింగ్ వంటి శాఖలకు ఈ హామీ అన్ని చోట్లా వర్తించదు. బదిలీ విద్యార్థి విషయంలో ప్రధానంగా చూసేది కాలేజీ మార్కులనే. పాఠశాలలో వెనుకబడిన బిడ్డకు ఇది రెండవ అవకాశం.

కానీ ఈ రెండవ అవకాశంలోని మార్కులు జీవితాంతం వెంట ఉంటాయి. బదిలీ అయ్యాక కొత్త విశ్వవిద్యాలయం తన సగటును కొత్తగా లెక్కించవచ్చు. వైద్య, న్యాయ విద్యల కేంద్రీయ దరఖాస్తు వ్యవస్థలు మాత్రం చదివిన ప్రతి కాలేజీ ట్రాన్స్‌క్రిప్టునూ కోరుతాయి, ఆ మార్కులన్నిటినీ సగటులో కలుపుతాయి. తప్పిన కోర్సును మళ్లీ చదివి నెగ్గినా వైద్య విద్య దరఖాస్తులో పాత మార్కు చెరిగిపోదు. కొన్ని వైద్య కళాశాలలు విజ్ఞానశాస్త్ర కోర్సులను విశ్వవిద్యాలయంలో చదవడాన్నే ఇష్టపడతాయి. కాబట్టి బదిలీ తరువాత పై స్థాయి జీవశాస్త్రం, రసాయనశాస్త్రం తీసుకుని వాటిలోనూ రాణించి చూపడం మేలు. చిన్న కాలేజీలో వచ్చిన మంచి మార్కులకు అదే బలమైన సాక్ష్యం.

చాలామంది దెబ్బతినేది కోర్సుల ఎంపికలో. ఏ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలో చెల్లుతుందో కాలిఫోర్నియాలో 'అసిస్ట్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్ చూపుతుంది. చేరిన మొదటి సెమిస్టర్‌లోనే దానిని చూసి, కాలేజీ కౌన్సిలర్‌తో కూర్చుని రెండేళ్ల పట్టిక రాసుకోవాలి. చెల్లని కోర్సులతో గడిచిన ఏడాది మిగుల్చుకున్న డబ్బును తిరిగి హరిస్తుంది.

తల్లిదండ్రులారా! కాలేజీ పేరు చూసి బిడ్డను చిన్నబుచ్చకండి. పేరు చిన్నదని చదువును తేలికగా తీసుకోనివ్వకండి. మొదటి సెమిస్టర్ మార్కు కూడా ఎనిమిదేళ్ల తరువాత ఎవరో ఒకరి బల్ల మీదికి చేరుతుందని చేరిన రోజే చెప్పండి.