పటం మన గోడమీద, నెగటివు ఎక్కడ?

మన పెద్దల ఇళ్ళలో నడవలోకి అడుగుపెట్టగానే గోడమీద వరుసగా పటాలు కనబడతాయి. రాయవేలూరులోనైనా, గుడియాత్తంలోనైనా ఇదే తీరు. వేంకటేశ్వరస్వామి పటం ప్రక్కన తలపాగా చుట్టిన తాత, ఆయన ప్రక్కన కుర్చీ అంచున బిగుసుకొని కూర్చున్న అవ్వ. ఆ పటాలకు దుమ్ము తుడుస్తాము, పండుగనాడు పూలదండ వేస్తాము. కాని ఆ పటానికి తల్లివంటి నెగటివు ఎక్కడున్నదని ఎన్నడైనా విచారించామా? మేము విచారించలేదు. అందువల్ల ఏమి పోగొట్టుకున్నామో చెప్పటానికే ఈ నాలుగు మాటలు.

మా తల్లిదండ్రుల పెండ్లి గుడియాత్తంలో 1962లో జరిగింది. బజారువీధి స్టూడియోవారు వచ్చి రెండు చుట్టల ఫిలిము తీశారు. ఆ రోజుల్లో ఒక చుట్టకు పన్నెండు బొమ్మలు, వెరసి ఇరవైనాలుగు. డబ్బు చాలక ఎనిమిది మాత్రమే అచ్చు వేయించారు. తక్కినవి తరువాత చూచుకుందామనుకున్నారు. మా అవ్వ ఎవరి ఎదుటా నవ్వేది కాదట. తలంబ్రాల వేళ ఆమె పకపకా నవ్వటం, అదే క్షణంలో ఫ్లాషు వెలగటం మా అమ్మకు బాగా జ్ఞాపకం. ఆ బొమ్మ ఆ పదహారింటిలో ఉండిపోయింది.

స్టూడియో యజమాని పెద్దమనిషి. కనబడినప్పుడల్లా, “నెగటివులు తీసుకొనిపోండి సామీ, నాకు చోటు చాలలేదు” అనేవాడు. “మీ దగ్గరే భద్రం గదన్నా!” అని మా నాయన, ఆయన తరువాత మేము, ఆ మాట దాటవేస్తూ వచ్చాము. ఆయన పోయాక వారసులు అంగడి ఖాళీచేశారు. నలుపు తెలుపు నెగటివులన్నీ వెండి తీసేవారికి తూకానికి వెళ్ళాయి. మేము వెళ్ళి అడిగేసరికి ఆ స్థలంలో సెల్‌ఫోన్ల అంగడి ఉంది. వారిని అని లాభం లేదు, తప్పు మాదే.

తూకానికి అమ్ముడుపోయేటంత వెండి ఫిలిములో ఉన్నదా అని కొందరికి సందేహం రావచ్చు. ఉన్నది. పారదర్శకమైన పట్టీమీద వెండి లవణాలను జెలటిన్‌లో కలిపి పలుచగా పూస్తారు. వెలుగు తగిలినచోట ఆ లవణం, మందునీళ్ళలో ముంచినప్పుడు, నల్లని వెండిగా మారుతుంది. జెలటిన్ పశువుల చర్మం, ఎముకలనుండి వచ్చేది. తోళ్ళ వ్యాపారం ఎరిగిన మన వేలూరు, ఆంబూరు ప్రాంతాలవారికి ఇది వింత కాదు. ఈ పూత పని అంతా చీకటిలోనే సాగాలి.

ఈ పని మన రాష్ట్రంలోనే జరిగేదని నేటి పిల్లలకు తెలియదు. ఉదకమండలంలో హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ అనే ప్రభుత్వ కర్మాగారం 1960లో ఏర్పడి, 1967లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని సరుకు పేరు ‘ఇందు’. చీకటిలో పుట్టే వస్తువుకు చంద్రుని పేరు! స్టూడియోలకు నలుపు తెలుపు ఫిలిము, అచ్చువేసే కాగితం, ఆసుపత్రులకు ఎక్స్‌రే ఫిలిము అక్కడ తయారయ్యేవి. వేలూరు ఆసుపత్రికి పోయివచ్చిన ప్రతి ఇంట్లోనూ బీరువామీద ఒక ఎక్స్‌రే కవరు ఉండేది గదా, అదీ ఫిలిమే.

తరువాత జనం కలరుకు మళ్ళారు. ఆ సంస్థ 1990ల నడుమ ఖాయిలా పడింది. ఎక్స్‌రే కూడా క్రమంగా కంప్యూటరులోకి పోయింది. కడకు ఉద్యోగులకు స్వచ్ఛంద విరమణ ఇచ్చి కర్మాగారం మూసివేశారు.

బయటి దేశాల కథా ఇంతే. వీధివీధినా కలరు లాబుల బోర్డులమీద మనం చూచిన కోనికా పేరు గల సంస్థ, 2006లో ఫోటో వ్యాపారం వదలుకుంటున్నట్లు ప్రకటించింది. 1935లో పుట్టిన కోడాక్రోమ్‌ను 2009లో ఆపివేశారు. ఆ ఫిలిముకు రంగులు కడిగేటప్పుడే చేరాలి. ఆ పద్ధతి మరే ఫిలిముకూ పనికిరాదు. లోకంలో దాన్ని కడిగే చివరి లాబు అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు పార్సన్స్ అనే చిన్న ఊరిలో ఉండేది. అదీ 2010 డిసెంబరు ఆఖరుతో ఆ పని మానుకున్నది. చివరిగా తయారైన చుట్టను స్టీవ్ మెకర్రీ అనే ఫోటోగ్రాఫరుకు ఇచ్చారు. ఆ ముప్పదియారు బొమ్మలలో కొన్నింటిని ఆయన మన దేశానికి వచ్చి తీసుకున్నాడు.

ఇష్టపడేవారు ఇంకా ఉండగా ఎందుకు ఆపాలి? ఫిలిము వంటింట్లో దోసె పోసినట్లు కావలసినన్ని పోసుకొనే వస్తువు కాదు. యంత్రం ఒకసారి కదిలిందంటే వేల అడుగుల పొడవున పూత పూస్తుంది. అంతా గడువులోగా అమ్ముడుపోవాలి. అన్నిటికంటె ఎక్కువ ఫిలిము వాడింది సినిమా. సినిమా డిజిటల్‌కు మారగానే ఆ యంత్రాలకు మేత కరువైంది. ఫ్యూజీవారు సినిమా ఫిలిము తయారీని 2013లో నిలిపివేశారు.

ఫోటోగ్రాఫర్లందరూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఇంగ్లండులో ఇల్ఫర్డ్ సంస్థ 2004లో దివాలా అంచుకు రాగా, అక్కడి అధికారులే మరుసటి ఏడు కొని నిలబెట్టారు. పోలరాయిడ్ 2008లో తన ఫిలిము ఆపితే, కొందరు ఔత్సాహికులు, పాత ఉద్యోగులు కలిసి నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే కర్మాగారపు యంత్రాలు దక్కించుకున్నారు. పాత రసాయనాలు దొరకక కొత్త పాకం కనిపెట్టి, 2010లో మళ్ళీ అమ్మకానికి పెట్టారు. కోడక్ తాను ఆపిన ఎక్టాక్రోమ్‌ను 2018లో తిరిగి తెచ్చింది. ఫ్యూజీ తన ఆక్రాస్ ఫిలిమును ఆపి, వాడేవారు పట్టుపట్టగా 2019లో మార్చిన రూపంలో మళ్ళీ విడుదల చేసింది. అడిగేవారుంటే ఆగిపోయినది కూడా ఒక్కొక్కప్పుడు తిరిగి వస్తుందన్నమాట.

మన ఊళ్ళవారి సంగతి వేరు. వేలూరులో మాకు తెలిసిన ఒక ముదుసలి ఫోటోగ్రాఫరు చివరి చుట్టలను ఫ్రిజ్‌లో ఊరగాయ జాడీ ప్రక్కన దాచి, ఇంటావిడచేత చీవాట్లు తిన్నాడు. వైకాశి ఒకటవ తేదీన గుడియాత్తంలో గంగమ్మ సిరసు ఊరేగింపుకు ఏడాదికొకటి చొప్పున తీసి ముగించాడు. ఆ తరువాత ఆయనా డిజిటల్ కెమేరా కొన్నాడు, కొడుకు కరిష్మా ఆల్బములు కట్టటం నేర్చుకున్నాడు. బ్రతుకు తెరువు గదా! ఏది మేలని అడిగితే ఆయన అన్నది ఇది: “పన్నెండే ఉండాయంటే పన్నెండు తూర్లు ఆలోచన చేస్తాము. ఇప్పుడు మూడువేలు కొడతాము. ఆలోచన చేసేది పెండ్లయినాక, కంప్యూటరు ముందర.”

ఫిలిమే మేలని వాదించటం మా ఉద్దేశం కాదు. నేటి పెండ్లి బొమ్మలూ పాడైన డిస్కులోనో, పోయిన ఫోనులోనో మునిగిపోతూనే ఉన్నాయి. కొత్త ఫిలిము తెప్పించటం కంపెనీల పని. ఉన్న నెగటివులు కాపాడుకోవటం మాత్రం మన పని.

ఏమి చేయవచ్చును? ముందు మీ కుటుంబానికి బొమ్మలు తీసిన స్టూడియో ఏదో పెద్దలనడిగి, ఆ యజమాని ఉండగానే వెళ్ళండి. దొరికిన నెగటివులను చేతివ్రేళ్ళు బొమ్మకు తగలకుండా అంచు పట్టుకొని తీయండి. ప్లాస్టిక్ సంచులు వద్దు. కాగితపు కవర్లలో పెట్టి, ఎవరిదో ఏ ఏటిదో కవరుమీద పెన్సిలుతో వ్రాయండి. మేడ క్రింది అటక వేడికి పనికిరాదు. బీరువా క్రింది అర మేలు. పులిసిన వాసన వేసేవి చెడిపోతున్నవని గుర్తు; వాటిని వేరుచేసి ముందుగా స్కాను చేయించండి. కలరు నెగటివులకు ఇంకా తొందర, వాటి రంగులు వెండికంటె త్వరగా వెలిసిపోతాయి. స్కాను చేయించాక నెగటివు పారవేయకండి. దాన్ని చూడటానికి ఏ యంత్రమూ అక్కరలేదు; కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చాలు.

మా అవ్వ నవ్వు ఎట్లా ఉండేదో మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మా పిల్లలు వింటారు గాని చూడలేరు. చదువరులలో ఎవరినైనా ఏ స్టూడియోవారైనా “నెగటివులు తీసుకొనిపోండి” అని అంటే, మావలె మాట దాటవేయక, ఆనాడే వెళ్ళి తెచ్చుకోవలెనని మా మనవి.