ఒక పంచ్, కొన్ని ఫ్రేములు

స్ట్రీట్ ఫైటర్ ఆటలో మన దేశం తరఫున ఒక యోగి పోరాడతాడు. పేరు ధాల్సిమ్. మెడలో పుర్రెల దండ, బక్కపలచని ఒళ్లు. నిలబడ్డ చోటు నుంచి కదలకుండానే చెయ్యి బారుగా సాచి గుద్దుతాడు, నోటితో నిప్పు ఊదుతాడు. జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 1991లో ఆర్కేడ్ యంత్రాల కోసం విడుదల చేసిన స్ట్రీట్ ఫైటర్ 2లో మనం ఎంచుకోగల ఎనిమిది మందిలో అతనొకడు. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లోనూ ఉన్నాడు. ఈ ముప్పై రెండేళ్లలో గడ్డం పెరిగింది, తెర మీద గీసిన బొమ్మ కాస్తా త్రీడీ శరీరమైంది. అయినా చూడగానే ఎవరైనా గుర్తుపడతారు. అయితే పాత ఆటలో అతన్ని ఆడించడంలో ఆరితేరినవాళ్లు కొత్త ఆట ముందు కూర్చుంటే మొదటి రౌండ్‌లోనే తడబడతారు. చెయ్యి అదే, నిప్పు అదే. మరి మారిందేమిటి?

సెకనులో అరవయ్యో వంతు

ఫైటింగ్ గేమ్‌లో కాలాన్ని సెకన్లలో కొలవరు, ఫ్రేముల్లో కొలుస్తారు. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో ఫ్రేము నిడివి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆటలో ప్రతి పంచ్‌కీ, ప్రతి కిక్‌కీ మూడు దశలుంటాయి. బటన్ నొక్కిన క్షణం నుంచి దెబ్బకు బలం వచ్చేదాకా తయారీ దశ. ఎదుటివాడికి తగలగలిగిన కొద్ది ఫ్రేములు తగిలే దశ. చెయ్యి వెనక్కి వచ్చి మళ్లీ ఏదైనా చేయగలిగేదాకా కోలుకునే దశ.

ఈ మూడు అంకెల్లో ఒక్కటి మారినా ఆట స్వభావం మారిపోతుంది. ఒక కిక్‌ను ఎదుటివాడు బ్లాక్ చేశాడనుకుందాం. కొట్టినవాడు అతనికంటే మూడు ఫ్రేములు ఆలస్యంగా కోలుకుంటాడు. ఎదుటివాడి అతి వేగమైన పంచ్ తగలడానికి నాలుగు ఫ్రేములు పడుతుందంటే, ఆ లోపే కొట్టినవాడు సర్దుకుని బ్లాక్ చేసుకోగలడు. కాబట్టి ఆ కిక్ భయం లేకుండా వాడుకోవచ్చు. తర్వాతి భాగంలో ఆలస్యాన్ని మూడు నుంచి నాలుగు ఫ్రేములు చేస్తే చాలు, అదే కిక్ బ్లాక్ అయిన ప్రతిసారీ ఎదురుదెబ్బ తినాల్సి వస్తుంది. బొమ్మలో గీత కూడా మారలేదు. మారింది సెకనులో అరవయ్యో వంతు మాత్రమే.

ఇంత చిన్న అంకెలకు అంత విలువ రావడానికి కారణం మన నాడీవ్యవస్థ. కంటికి ఒక మార్పు కనబడ్డాక వేలు బటన్ నొక్కడానికి మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అది 12 నుంచి 15 ఫ్రేములతో సమానం. టీవీ, కంట్రోలర్ కలిసి దీనికి మరికొంత ఆలస్యం జోడిస్తాయి. తయారీ దశ ఐదారు ఫ్రేములే ఉన్న పంచ్‌ను చూసి ఆపడం మానవమాత్రుడి వల్ల కాదు, అది వస్తుందని ముందే ఊహించాలి. పాతిక ఫ్రేములు పట్టే దెబ్బను మాత్రం సిద్ధంగా ఉన్నవాడు చూసి ఆపగలడు. ఏ దెబ్బను ఊహించాలి, ఏ దెబ్బను చూసి ఆపవచ్చు అనే హద్దును తయారీదారులు ఈ అంకెలతోనే గీస్తారు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల పోటీగా జరిగింది. భారత ఆటగాళ్లు కూడా అందులో పాల్గొన్నారు. స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్ వూ వయసు అప్పటికి 44 ఏళ్లు. చురుకైన వేళ్లొక్కటే చాలే ఆట అయితే అది పదహారేళ్ల కుర్రాళ్లకే దక్కేది.

కంటికి కనబడే చెయ్యి, లెక్కలో ఉండే పెట్టె

దెబ్బ తగిలిందా లేదా అన్నది కంప్యూటర్ బొమ్మను చూసి తేల్చదు. ప్రతి ఫ్రేములోనూ పాత్ర ఒంటి మీద మనకు కనబడని పెట్టెలుంటాయి. కొన్ని కొట్టే పెట్టెలు, కొన్ని దెబ్బ తినే పెట్టెలు. నా కొట్టే పెట్టె నీ దెబ్బ తినే పెట్టెను తాకితే దెబ్బ పడినట్టు లెక్క.

ధాల్సిమ్ కష్టమంతా ఇక్కడే ఉంది. చెయ్యి సాగినప్పుడు దానితో పాటు దెబ్బ తినే పెట్టె కూడా సాగుతుంది. ఒంటికి అందనంత దూరంలో ఉన్నవాడు కూడా సాచిన ఆ చేతిని కొట్టగలడు. కబడ్డీలో బోనస్ గీత కోసం కాలు బాగా ముందుకు చాపిన రైడర్ చీలమండ దగ్గర దొరికిపోయినట్టే ఇది. ఆ చెయ్యి ఎంత దూరం పోవాలి, తిరిగి రావడానికి ఎన్ని ఫ్రేములు పట్టాలి, అంతసేపు ఎంత మేర దెబ్బకు దొరకాలి అన్న మూడు నిర్ణయాల మీదే ఈ యోగి బలాబలాలు ఆధారపడతాయి. ప్రతి కొత్త భాగంలోనూ వాటిని మళ్లీ తూచాల్సిందే.

యోగి నేర్చుకున్న విద్యలు

స్ట్రీట్ ఫైటర్ 2లో ధాల్సిమ్ దగ్గరున్న ప్రత్యేక విద్యలు రెండు: నిప్పు బంతిని వదిలే యోగా ఫైర్, దగ్గరగా మంట ఊదే యోగా ఫ్లేమ్. దూరాన్ని చేతులూ కాళ్లతో ఏలేవాడు గానీ ఒకసారి మీదికి వచ్చి మూలకు తోశారంటే తప్పించుకోవడం కష్టమయ్యేది. 1992 చివర్లో వచ్చిన హైపర్ ఫైటింగ్ సంచికలో అతనికి యోగా టెలిపోర్ట్ ఇచ్చారు, ఒకచోట మాయమై ఇంకోచోట తేలడం. నడక నెమ్మదిగా ఉండటమనే అతని లోపాన్ని అలాగే ఉంచి, మూలలో ఇరుక్కున్నప్పుడు బయటపడే దారి మాత్రం చూపించారన్నమాట. 1994 నాటి సూపర్ టర్బోలో యోగా ఇన్ఫెర్నో అనే భారీ దెబ్బ (సూపర్ కాంబో) చేరింది.

2008లో స్ట్రీట్ ఫైటర్ 4తో పాత్రలన్నీ త్రీడీలోకి మారాయి. 2016 నాటి ఐదో భాగంలో అసలైన మార్పు జరిగింది. అంతకాలం నేరుగా వెళ్లిన యోగా ఫైర్ ఇప్పుడు ఎత్తుగా లేచి వంపు తిరిగి కిందికి దిగడం మొదలుపెట్టింది. దీంతో పాటు ధాల్సిమ్ గాలిలో తేలడం కూడా నేర్చాడు. తిన్నగా వచ్చే బంతి దారిని మూసేస్తుంది, దాన్ని దాటాలంటే ఎగరాలి. వంపుగా వచ్చే బంతి ఆ ఎగిరే దారినే కాపు కాస్తుంది. ఒకే నిప్పు, కానీ ఎదుటివాడికి అది వేసే ప్రశ్న వేరు. పాత అభిమానులు నేరుగా వెళ్లే నిప్పును మరచిపోలేదు. ఆరో భాగంలో యోగా ఫైర్ మళ్లీ తిన్నగా వెళుతుంది, వంపు తిరిగే నిప్పుకు యోగా ఆర్చ్ అని వేరే పేరు, వేరే బటన్లు పెట్టారు.

ఎందుకు మార్చాలి?

మొదటి కారణం తూకం. ఒక పాత్ర మరీ బలంగా ఉంటే అందరూ అతన్నే ఎంచుకుంటారు, మిగతావాళ్లు బొమ్మలుగా మిగిలిపోతారు. స్ట్రీట్ ఫైటర్ 4 తొలి రూపంలో థాయ్ యోధుడు సగాట్ అలాగే చెలరేగాడు. 2010లో వచ్చిన సూపర్ సంచికలో అతని జోరు తగ్గించారు. ఆటగాళ్ల భాషలో దీన్ని నెర్ఫ్ చేయడం అంటారు, బలం పెంచితే బఫ్. ఆర్కేడ్ యంత్రాల రోజుల్లో ఇలాంటి మార్పుకు కొత్త సర్క్యూట్ బోర్డు కొనాల్సి వచ్చేది. ఇప్పుడు రాత్రికి రాత్రే ప్యాచ్ డౌన్‌లోడ్ అవుతుంది.

రెండో కారణం పొరపాట్లు. స్ట్రీట్ ఫైటర్ 2 తయారీలో ఉండగా నిర్మాత నోరిటాకా ఫునమిజు, కారును పగలగొట్టే బోనస్ రౌండ్‌లో ఒక విడ్డూరం గమనించాడు. సరైన క్షణంలో బటన్ నొక్కితే ఒక దెబ్బ ముగియకముందే ఇంకో దెబ్బ పడుతోంది. ఇంత కష్టమైన టైమింగ్ ఎవరికీ కుదరదులే అని దాన్ని అలాగే వదిలేశారు. జనం కనిపెట్టేశారు. ఇలా గొలుసుగా పడే దెబ్బలనే కాంబో అంటారు, తర్వాతి ఆటలన్నిటికీ అదే వెన్నెముక అయింది.

మూడోది బయటి ఒత్తిడి. 1992లో దొంగతనంగా మార్చిన స్ట్రీట్ ఫైటర్ బోర్డులు ఆర్కేడ్‌లలో తిరిగాయి. వాటిలో వేగం విపరీతం, గాలిలోనే నిప్పు బంతులు. అసలు ఆట జనానికి నెమ్మదిగా తోచసాగింది. క్యాప్‌కామ్ వేగం పెంచి హైపర్ ఫైటింగ్ తేవడం వెనుక ఈ పోటీ కూడా ఉంది.

నాలుగోది కొత్తవాళ్లు. కింద, ఐమూల, ముందుకు అని స్టిక్ తిప్పి పంచ్ నొక్కితేనే నిప్పు రావడం పాత పద్ధతి. ఆరో భాగంలోని మోడరన్ కంట్రోల్స్‌లో ఒక దిక్కు, ఒక బటన్ చాలు. చేతులు ఆదా చేసుకున్న కాలానికి మూల్యం కూడా ఉంది, అలా వేసిన ప్రత్యేక దెబ్బకు 20 శాతం బలం తగ్గుతుంది.

ఇక ఐదోది, కదలిక కంటికి ఎలా తోచాలన్నది. మన ఊళ్లలో గంటల లెక్కన ప్లేస్టేషన్ అద్దెకిచ్చే సెంటర్లలో టెక్కెన్ 3 ఆడినవారికి ఎడ్డీ అనే పాత్ర గుర్తుండే ఉంటాడు. తెలిసినా తెలియకపోయినా కిక్ బటన్లు గబగబా నొక్కితే చాలు, నేల మీద తిరుగుతూ తన్నేవాడు. ఆ కదలికలు బ్రెజిల్ యుద్ధవిద్య కపోయెరావి. ఆ విద్యలో గురువైన మార్సెలో పెరీరా చేసి చూపగా మోషన్ క్యాప్చర్‌తో రికార్డు చేశారు. అయితే అసలు మనిషి తన్నును ఉన్నది ఉన్నట్టు ఆటలో పెడితే బటన్ నొక్కాక కాలు లేవడం ఆలస్యంగా అనిపిస్తుంది. అందుకే యానిమేటర్లు తయారీ దశలోని ఫ్రేములను కత్తిరిస్తారు, తగిలే భంగిమను నిలబెడతారు. 2014లో వచ్చిన గిల్టీ గియర్ ఎక్సర్డ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. త్రీడీ శరీరాలు వాడుతూనే, రెండు భంగిమల మధ్య కంప్యూటర్ నునుపుగా నింపే కదలికను పక్కనపెట్టి, ఒక్కో భంగిమను కొన్ని ఫ్రేముల పాటు కదలకుండా ఉంచింది. చేతితో గీసిన బొమ్మల పదును దానితో తిరిగి వచ్చింది.

కాలం రాలిపోయిన శిల్పం

భంగిమ మిగిలి కాలం పోతే ఏమవుతుందో ఓరుగల్లు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని గోడల మీదా స్తంభాల మీదా నర్తకులు, మద్దెల వాయించేవారు బారులు తీరి ఉంటారు. ప్రతి శిల్పం ఒక ఫ్రేము. దాని ముందు ఫ్రేము, తర్వాతి ఫ్రేము రాతిలో లేవు.

గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప సేనాని 1253–54లో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో మొదటి సగం శాస్త్రీయమైన మార్గ నృత్తానికి, రెండో సగం ప్రాంతీయమైన దేశి నృత్తానికి. పేరిణి ఆ దేశి రీతుల్లోది. యుద్ధానికి బయలుదేరే వీరులు శివుడి ముందు దాన్ని ఆడేవారని ప్రతీతి. కాకతీయ రాజ్యం కూలాక ఆ పరంపర తెగిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ రామప్ప శిల్పాలనూ జాయప గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టుకుని పేరిణిని తిరిగి నిలబెట్టారు. శిల్పం భంగిమ ఇచ్చింది, గ్రంథం క్రమం చెప్పింది. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు ఎంతసేపట్లో వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ విసరాలి అన్నది ఆయన తన శరీరంతో, తన సాధనతో పూరించాల్సి వచ్చింది. నాట్యశాస్త్రంలోని 108 కరణాలు కూడా నిశ్చల భంగిమలు కావు, కదలికలు అని నర్తకి పద్మా సుబ్రహ్మణ్యం తన పరిశోధనలో వాదించారు.

ఇవాళ మనం చూసే పేరిణి, ఆ మాటకొస్తే, ఒక కొత్త భాగం. అది దాని విలువను తగ్గించదు. ధాల్సిమ్ ప్రతి భాగంలో మారినా ధాల్సిమ్‌గానే నిలిచినట్టు, పేరిణి కూడా భంగిమలోనూ ఉద్దేశంలోనూ నిలిచింది. తేడా ఒక్కటే. 1991 నాటి ధాల్సిమ్ పంచ్ ఎన్ని ఫ్రేములో ఇవాళ ఎవరైనా లెక్కపెట్టి చెప్పగలరు. కాకతీయుల నాటి పేరిణి అడుగుకు ఎంత సమయం పట్టేదో ఎవరూ చెప్పలేరు.

మన పల్లెల్లో కర్రసాము, కత్తిసాము నేర్పే గురువులు ఇంకా ఉన్నారు. వాళ్ల విద్యలో చాలా భాగం ఏ పుస్తకంలోనూ లేదు. మామూలు ఫోన్ కెమెరాలే ఇప్పుడు సెకనుకు 60 ఫ్రేములు తీస్తున్నాయి, అది ఫైటింగ్ గేమ్ వాడే కొలతే. మీ ఊళ్లో సాము తెలిసిన పెద్దాయన ఉంటే ఆయన అనుమతి తీసుకుని, ముందు నుంచీ పక్క నుంచీ, పాదాలు కూడా కనబడేలా, మొదలు నుంచి చివరి దాకా ఆపకుండా తీయండి. ఫొటోలతో సరిపెట్టకండి.