నిలువురాళ్ళ బాట

పాఠ్యాంశ ఉద్దేశం: గ్రామాల మధ్య కాలినడకన సాగే ప్రయాణం ద్వారా స్థానిక చరిత్రను తెలుసుకునే విధానాన్ని పరిచయం చేయడం, వారసత్వ సంపద పట్ల బాధ్యతను కలిగించడం.

ఒక ఊరి నుండి మరొక ఊరికి గల దూరాన్ని మన పూర్వులు మనిషి శరీరంతోనే కొలిచారు. గొంతు ఎంతవరకు వినిపిస్తుందో అది ‘కూతవేటు’ దూరం. కాళ్ళు ఒక పూటలో ఎంత సాగుతాయో అది ‘పూట నడక’. అంతకు మించినదాన్ని ఆమడల్లో లెక్కించారు. బాటసారి కోసం చలివేంద్రాలు, సత్రాలు, పూటకూళ్ళ ఇండ్లు వెలిశాయి. ఊరికీ ఊరికీ నడుమ ఉన్న చెట్టు, చెరువు, గుట్ట, గుడి అన్నీ ఆ నడకకు గుర్తులే.

తెలుగు యాత్రా సాహిత్యానికి ఈ నడక వేగమే పునాది వేసింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. కృష్ణానదిని దాటి, నేటి వనపర్తి ప్రాంతం మీదుగా ఆయన హైదరాబాదు చేరారు. ఆయన పల్లకిలో కూర్చున్నా ఆ ప్రయాణపు వేగం బోయీల పాదాలదే. అందువల్లనే ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకీ ఊరి స్వభావం, అక్కడి సదుపాయాలు, బాట తీరు నమోదయ్యాయి. వేగంగా సాగిపోయేవానికి ఊరి పేరు మాత్రమే మిగులుతుంది. నెమ్మదిగా నడిచేవానికి ఊరే కనిపిస్తుంది.

అటువంటి నడకకు తగిన సీమ నారాయణపేట ప్రాంతం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2019 ఫిబ్రవరిలో ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. పడమట, దక్షిణాన కర్ణాటక రాష్ట్రం సరిహద్దు. దక్షిణపు అంచున కృష్ణవేణి ప్రవహిస్తుంది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు ఇక్కడి అంగళ్ళలో కలగలిసి వినిపిస్తాయి. ఎర్రచెలకలు, నల్లరేగళ్ళు, వాటి నడుమ తల ఎత్తిన గ్రానైటు గుట్టలు ఈ నేల రూపురేఖలు.

ఈ సీమలో నడక ఏనాడూ వినోదం కాలేదు. వానలు ముఖం చాటేసిన ఏడు మూటాముల్లె కట్టుకొని పనిని వెదుక్కుంటూ వెళ్ళిన పాలమూరు కూలీలు దేశంలోని ఎన్నో ఆనకట్టల కోసం, కాలువల కోసం మట్టి మోశారు. బ్రతుకుతెరువు కోసం ఊరు విడిచిన ఆ బాటల మీదనే, ఊరిని తెలుసుకోవడం కోసం మనం నడుస్తున్నామన్న ఎరుక ప్రతి విద్యార్థికీ ఉండాలి.

పేటలో మొదటి నడక

నడకను నారాయణపేట పట్టణంలోనే ప్రారంభించవచ్చు. ‘పేట’ అంటే అంగడి పెరిగి ఊరైన చోటు. ఆ పేరుకు తగినట్లు బంగారు నగల వ్యాపారానికి, కందుల మార్కెట్టుకు ఈ పట్టణం ప్రసిద్ధి పొందింది. అన్నింటికీ మించి ఈ ఊరి పేరును దూరతీరాలకు మోసినది నేతచీర. గళ్ళతో నిండిన ఒడలు, దానికి భిన్నమైన రంగులో అంచు, ఆ అంచు వెంట గుడి గోపురాల వంటి చిన్న చిన్న కోణాలు నారాయణపేట చీర ఆనవాళ్ళు. ఎనిమిది చీరలకు సరిపడే పడుగును ఒకేసారి మగ్గానికి ఎక్కించడం ఇక్కడి పద్ధతిగా చెబుతారు. ఈ నేతకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మగ్గం చప్పుడు వినిపించే వీధిలో కొంతసేపు ఆగి చూస్తే, అంగడిలో మడతపెట్టి ఉన్న చీర వెనుక ఎంత శ్రమ ఉన్నదో తెలుస్తుంది. అదే పట్టణంలో బారంబావి అనే పాత మెట్లబావి కూడా ఉంది. కొళాయి లేని కాలంలో నీటి కోసం జనం ఎన్ని మెట్లు దిగి ఎక్కేవారో ఆ బావి చెబుతుంది.

పేర్లే శాసనాలు

పట్టణం దాటి పల్లెలవైపు సాగేటప్పుడు ఊరి పేర్లను గమనించాలి. కోటకొండ, కోయిల్‌కొండ అన్న పేర్లలో కొండ ఉంది. సంగంబండ పేరులో పరుపులా పరచుకున్న రాతిబండ ఉంది. మురహరిదొడ్డి పేరులో పశువులను కట్టివేసే దొడ్డి నిలిచి ఉంది. మక్తల్‌లోని పడమటి ఆంజనేయస్వామి ఆలయం పేరులో ఏకంగా ఒక దిక్కే చేరింది. రాజులు వేయించిన శాసనాలను చదవడానికి లిపిశాస్త్రం నేర్చుకోవాలి. జనం వేసిన ఈ శాసనాలను చదవడానికి మాతృభాష చాలును.

నారాయణపేట నుండి కృష్ణాతీరం వరకు మొత్తం దూరాన్ని ఒక్కనాడు నడవడం సాధ్యం కాదు. మక్తల్ వరకు బస్సులో, అక్కడి నుండి కృష్ణ మండలానికి మరొక వాహనంలో చేరుకొని, ముడుమాల్ గ్రామం వద్ద దిగి నడక సాగించడం మేలు. ఎక్కవలసిన కొండలు లేవు, దాటవలసిన అడవులు లేవు. జొన్న, కంది, పత్తి చేల నడుమ గట్ల వెంట సాగే సమతలపు బాట అది. కార్తీకం నుండి మాఘం వరకు ఇందుకు అనువైన కాలం.

ముడుమాల్ నిలువురాళ్ళు

ముడుమాల్, మురహరిదొడ్డి గ్రామాల నడుమ సుమారు 80 ఎకరాల మేర పొలాల్లో నిలువురాళ్ళు కనిపిస్తాయి. పది నుండి పద్నాలుగు అడుగుల ఎత్తుగల పెద్దరాళ్ళు దాదాపు 80 ఉన్నాయి. వాటి నడుమ మోకాలి ఎత్తు కూడా లేని చిన్నరాళ్ళు వేలసంఖ్యలో వరుసలు తీరి ఉన్నాయి. ఇవి సుమారు 3500 సంవత్సరాల నాటివని పరిశోధకుల అంచనా. లిపి లేని ఆ బృహచ్ఛిలా సంస్కృతి ప్రజలు తమ మాటను రాతితోనే చెప్పారు.

ఆ మాట ఏమిటి? హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు ఈ స్థలాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి, కొన్ని రాళ్ళ వరుసలు సూర్యుని ఉదయాస్తమయ స్థానాలతో సరిపోలుతున్నాయని వివరించారు. దీన్ని ఇలా అర్థం చేసుకోవచ్చు. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మార్చి తరువాత ఉదయస్థానం రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతూ, జూన్ 21 నాటికి ఈ ప్రాంతంలో తూర్పు నుండి సుమారు 24 డిగ్రీల దూరం చేరుతుంది. అక్కడి నుండి వెనుదిరిగి, డిసెంబరు 22 నాటికి దక్షిణాన అంతే దూరానికి వెళుతుంది. ఈ రాకపోకలనే మనం ఉత్తరాయణ దక్షిణాయనాలని వ్యవహరిస్తున్నాం. నేలమీద రెండు రాళ్ళను నిలిపి, వాటి మీదుగా పొద్దుపొడుపును చూస్తే ఏ ఋతువు దగ్గరపడినదో తెలుస్తుంది. వానరాకను, విత్తుకాలాన్ని ముందుగా ఎరుగవలసిన జనానికి ఇంతకన్నా అవసరమైన విద్య మరొకటి లేదు.

ఇక్కడే మరొక రాతిపై చిన్నచిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. అవి సప్తర్షి మండలపు ఆకృతిలో ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు. పెళ్ళిపందిట్లో అరుంధతిని చూపేటప్పుడు మనం వెదికే నక్షత్రమండలం అదే. గ్రంథాల్లో మాత్రమే చదువుకున్న ఆకాశం ఒక చేనిలోని బండపై దర్శనమివ్వడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

పరిశోధకులు రాకముందు ఈ రాళ్ళను కాపాడినది ఎవరు? ఆ ఊరి జనమే. వారు ఒక రాతిని నిలువురాళ్ళ తిమ్మప్ప అని, మరొక రాతిని ఎల్లమ్మ అని కొలుస్తారు. శాపవశాన మనుషులే ఇలా రాళ్ళయ్యారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. ఆ కథను చరిత్రగా స్వీకరించలేము. అయితే దాన్ని తేలికగా కొట్టివేయరాదు. భక్తి వల్లనో భయం వల్లనో జనం చేయివేయని రాళ్ళు నిలిచాయి. ఏ కథా అంటని చిన్నరాళ్ళలో కొన్ని పొలాలు చదును చేసేటప్పుడు తొలగిపోయాయి. రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. సేద్యానికి అడ్డువచ్చిన రాయిని తీసి గట్టున వేయడం ఏ రైతయినా చేసే పనే. అది వట్టి రాయి కాదని అతనికి ఎవరూ చెప్పకపోవడమే లోపం.

ఏటి ఒడ్డున

నిలువురాళ్ళ నుండి కృష్ణానది దూరం కాదు. చేల మధ్యగా కొంతదూరం నడిస్తే ఒడ్డు చేరవచ్చు. నీటిలో దిగకుండా ఒడ్డుననే నిలిచి చూడటం క్షేమం. ఇక్కడికి ఎగువన తంగిడి వద్ద భీమానది కృష్ణలో కలుస్తుంది. కృష్ణ తెలంగాణ నేలను తాకేది అక్కడే. కృష్ణ రైల్వేస్టేషను కూడా ఈ తీరానిదే. బొంబాయి, మద్రాసు రైలుమార్గాలు 1871లో నదికి ఆవలనున్న రాయచూరు వద్ద కలిశాయి. ఆనాటి నుండి ఆమడల దూరం గడియల్లోకి కుదించుకుపోయింది. పొద్దును కొలిచిన రాళ్ళు, కాలపట్టికను అనుసరించే రైలు ఒకే ఒడ్డున ఉండటం గమనించదగినది.

గుర్తింపు, రక్షణ

కాలిబాటలకు ప్రపంచం విలువనివ్వడం కొత్త కాదు. స్పెయిన్‌లోని శాంతియాగో యాత్రామార్గం 1993లో, జపాన్‌లో కీ పర్వతశ్రేణి యాత్రామార్గాలు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. మన రామప్ప దేవాలయం 2021లో ఆ గౌరవం పొందింది. ముడుమాల్ నిలువురాళ్ళు 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వచ్చాయి. తాత్కాలిక జాబితా తొలి మెట్టు మాత్రమే. పేరు జాబితాకెక్కినంత మాత్రాన రాయి దానంతటదే భద్రం కాదు. దేవాలయం శిథిలమైతే మరల కట్టవచ్చు. వరుసలోని రాయిని ఒక్క అడుగు జరిపితే అది చూపే దిక్కు మరల రాదు.

అందువల్ల ఇక్కడికి వెళ్ళేవారు కొన్ని నియమాలు పాటించాలి. రాళ్ళమీద ఎక్కరాదు. పేర్లు చెక్కరాదు. చిన్నరాయినైనా కదల్చరాదు. పంట ఉన్న చేనిలోకి రైతు అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు. పూజలందుకునే రాతిని పూజించేవారి మనస్సు నొచ్చుకోకుండా చూడాలి. గట్టుమీద కలిసిన పెద్దలను పలకరించి, వారు చెప్పింది శ్రద్ధగా విని, వ్రాసుకోవాలి.

ఇటువంటి సేకరణకు ఈ గడ్డమీదనే గొప్ప ఆదర్శం ఉన్నది. తెలంగాణలో కవులు లేరన్న మాట వినిపించినప్పుడు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి కేవలం వాదానికి దిగలేదు. ఊరూరి నుండి వివరాలు సేకరించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. లేరనుకున్నవారు లేకపోలేదు, వెదకినవారే లేకపోయారు. మన పల్లెల చరిత్ర విషయంలోనూ జరుగుతున్నది ఇదే. విద్యార్థులు తమ ఊరి నుండి పొరుగూరికి ఒకసారి నడిచి, దారిలోని బావిని, బండను, గుడిని, వాటి పేర్లను, వాటి గురించి పెద్దలు చెప్పే కథలను ఒక పుస్తకంలో నమోదు చేస్తే, రేపు ఏ నాగలి ముందైనా ‘ఇది వట్టి రాయి కాదు’ అని చెప్పగలిగే మనిషి ఆ ఊరిలోనే ఉంటాడు.

అభ్యాసం

1. దూరాన్ని తెలిపే పాత మాటల ద్వారా పూర్వుల జీవనవిధానం ఎలా తెలుస్తుందో వివరించండి.
2. ముడుమాల్ నిలువురాళ్ళకూ వ్యవసాయానికీ గల సంబంధాన్ని విశ్లేషించండి.
3. జనవిశ్వాసాలు చారిత్రక సంపదను కాపాడిన తీరును పాఠం ఆధారంగా సమర్థించండి.
4. మీ ఊరి పేరు, దాని చుట్టూ గల అయిదు ఊర్ల పేర్లు సేకరించి, వాటి అర్థాలను చర్చించండి.