నది అడుగున దాగే విషం: పసిగట్టడం ఎలా?



నీళ్ళు కాచి తాగమని మేము ఎప్పుడూ చెబుతుంటాము. కాచితే రోగక్రిములు చస్తాయి. కాని సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి విషపు లోహాలు కాచినా పోవు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి.

మన చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులున్నాయి. సరిహద్దు అవతల కర్ణాటకలో కోలార్ గనులున్నాయి. ఇవన్నీ 2001లో మూతపడ్డాయి. కోలార్ గనుల దగ్గర మిగిలిన పెద్ద పెద్ద దిబ్బలను జనం సైనైడ్ దిబ్బలంటారు. ఎండకు, గాలికి సైనైడ్ క్రమంగా విరిగిపోతుంది. లోహాలు మాత్రం అలా నశించవు. ఎక్కడి గని దిబ్బ అయినా సరే, వానకు కొట్టుకువచ్చిన పొడి వంకల్లోకి, చెరువుల్లోకి చేరి అడుగున ఒండ్రులో పేరుకుంటుంది. పైన నీరు తేటగానే కనిపిస్తుంది.

జపాన్‌లో జింజూ నది ఒడ్డున జరిగింది ఇదే. కమియోకా గని నుండి వచ్చిన కాడ్మియం నదిలో కలిసి, వరి మళ్ళకు పారి, అన్నంలో చేరింది. ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీల ఎముకలు గుల్లబారి విరిగిపోయాయి. "ఇటాయ్ ఇటాయ్", అంటే "నొప్పి, నొప్పి" అనే వారి మూలుగే ఆ జబ్బుకు పేరైంది. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకొంది.

ఒండ్రును ఎలా పరీక్షిస్తారు?

మట్టిలో లోహం ఎంత ఉందో కొలిస్తే సగం సంగతే తెలుస్తుంది. గాలి తగలని నల్లటి బురదలో లోహం గంధకంతో కలిసి కదలకుండా పడి ఉండవచ్చు. ఆ బురదను తవ్వి ఆరబెడితే అదే లోహం విడివడి నీటిలోకి దిగవచ్చు. అందుకే శాస్త్రవేత్తలు ప్రాణులనే అడుగుతారు. ఒక గాజు పాత్రలో ఆ ఒండ్రును, ఇంకొక దానిలో శుభ్రమైన ఒండ్రును వేసి, పైన మంచినీరు పోస్తారు. బురదలో బ్రతికే కుట్టని దోమజాతి పిల్లపురుగులను రెండింటిలోనూ వదులుతారు. 10 రోజుల తరువాత ఎన్ని బ్రతికాయో, ఎంత పెరిగాయో పోల్చి చూస్తారు. శుభ్రమైన మట్టిలో ఎదిగి, రెండవదానిలో చస్తే ఆ ఒండ్రు విషపూరితమని అనుమానించాలి.

మనం చేయవలసినవి

1. గని దిబ్బల మీద పిల్లలను ఆడనివ్వకండి. ఆ మట్టిని ఇంటికి, వాకిలికి, పొలానికి తోలుకోకండి.

2. గనుల దిగువనున్న చెరువు పూడికమట్టిని పొలానికి తోలేముందు పరీక్ష చేయించండి.

3. బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లోహాల పరీక్ష ప్రత్యేకంగా అడగండి.

4. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది. రాగిసంగటి, ఆకుకూరలు, గుడ్డు పెట్టండి.

5. తరచూ కడుపునొప్పి, రక్తహీనత, చేతులకు కాళ్ళకు తిమ్మిరి, చర్మంపై నల్లమచ్చలు ఉంటే వైద్యునికి చూపించండి. వీటికి వేరే కారణాలూ ఉండవచ్చు. మీ ఊరి దగ్గర గని ఉంటే ఆ మాట తప్పక చెప్పండి. అడిగితే తప్ప ఆ పరీక్ష చేయరు.

యెరికో ఊరి నీళ్ళు చెడిపోయినప్పుడు ఎలీషా ప్రవక్త ఇంటింటి కుండ దగ్గరకు వెళ్ళలేదు, నీటి ఊట దగ్గరకు వెళ్ళాడు. మనమూ మూలం దగ్గరే వెతకాలి. ప్రతి చెరువూ విషమేనని మేము భయపెట్టడం లేదు. పరీక్షించకుండా మంచిదేనని ధైర్యమూ చెప్పలేము. దేవుడిచ్చిన నేలను, నీటిని, బిడ్డలను కాపాడుకొనే బాధ్యత మనందరిదీ.