పర్యావరణ న్యాయము: రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళికోద్యోగి కర్తవ్యము

ఒక ప్రాంతమున కర్మాగారము వెలసినపుడు దాని లాభము దేశమందరిదని చెప్పుదురు. దాని పొగయు మురుగును మాత్రము గాలివాలునను, కాలువ దిగువనను నివసించువారి పాలబడును. ఆ దిగువనున్న వారెవరని విచారించినచో వారు తఱచుగా బీదలు, కూలిపని చేయువారు, అధికారభాష నెరుగనివారు అయియుందురు. నేల చవుకగా దొరకు చోటను, ఎదురు చెప్పువారు తక్కువగా నున్న చోటను ఇట్టివానిని నెలకొల్పుట సులభము గదా! ఈ యసమానతను గుర్తించి, కొలిచి, సరిదిద్దుటకు చేయు ప్రయత్నమునకే నేడు పర్యావరణ న్యాయమని పేరు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొన్ని రాష్ట్ర ప్రభుత్వములు ఈ కార్యమునకై ప్రత్యేకముగా ప్రణాళికోద్యోగులను నియమించినవి. వారి పని యెట్టిదో, దాని హద్దు లెవ్వియో కాలిఫోర్నియా రాష్ట్రమును ఉదాహరణముగా గైకొని వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఇతర రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారమగు మనకు దీనితో నేమి సంబంధమని కొంద ఱడుగవచ్చును. ఆ సంబంధము భాషను గూర్చినది. దానిని వ్యాసాంతమున నివేదించెదను.

పుట్టుపూర్వోత్తరములు

1978వ సంవత్సరమున ఉత్తర కరొలైనా రాష్ట్రములో సుమారు 240 మైళ్ల పొడవున, రహదారుల ప్రక్కన, పి.సి.బి. అను విషరసాయనము కలిసిన నూనెను కొందఱు రహస్యముగా పాఱబోసిరి. ఆ మట్టిని త్రవ్వి తెచ్చి పూడ్చుటకు రాష్ట్ర ప్రభుత్వము వారెన్ కౌంటీని ఎన్నుకొనెను. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. అచ్చటి జనులలో అధికసంఖ్యాకులు నల్లజాతివారు, బీదవారు. 1982 సెప్టెంబరులో మట్టి లారీలు వచ్చునపుడు ప్రజలు దారి కడ్డముగా పరుండిరి. 500 మందికి పైగా నిర్బంధింపబడిరి. పూడ్చుట ఆగలేదు, కాని, ఈ ఊరినే యేల ఎన్నుకొంటిరను ప్రశ్న దేశమంతట వ్యాపించెను. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అను క్రైస్తవ సంఘమువారు ప్రకటించిన పరిశోధన దానికి సమాధాన మొసంగెను. విషవ్యర్థములను స్వీకరించు వ్యాపారస్థలములు ఏయే చోట్ల నున్నవో పరిశీలింపగా, తాము లెక్కకు దీసికొనిన అంశములన్నిటిలోను అచ్చటివారి జాతియే ప్రధానముగా కనిపించినదని వారు తేల్చిరి.

1994 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు క్లింటన్, అల్పసంఖ్యాక జాతులపైనను, బీదలపైనను అధికముగా పడుచున్న కాలుష్యబాధను గుర్తించి నివారింపవలసినదిగా కేంద్రప్రభుత్వ శాఖలన్నిటిని ఉత్తర్వు మూలమున ఆదేశించెను. ఆ ఉత్తర్వు 2025 జనవరి 21న రద్దయినది. అధ్యక్షుడు సంతకముతో ఇచ్చిన దానిని మరియొక అధ్యక్షుడు సంతకముతో తీసివేయగలడు. శాసనసభ చేసిన చట్టము నట్లు తీసివేయుటకు వీలు లేదు. కనుక నేడు ఆ దేశమున ఈ పని ముఖ్యముగా రాష్ట్రముల చట్టములపై ఆధారపడి యున్నది. కాలిఫోర్నియా 1999లోనే పర్యావరణ న్యాయమునకు చట్టములో నిర్వచనము చేసికొనెను. పర్యావరణ శాసనములను చేయుటయందును, అమలు జరుపుటయందును జాతి, సంస్కృతి, ఆదాయ భేదములు లేక సర్వజనులను న్యాయముగా చూడవలయునని దాని సారాంశము.

కెటిల్‌మన్ సిటీ వృత్తాంతము

ఈ నిర్వచనమునకు పూర్వమే కాలిఫోర్నియాలో జరిగిన యొక వ్యవహారమును మనము ప్రత్యేకముగా తెలిసికొనదగును. కింగ్స్ కౌంటీలో కెటిల్‌మన్ సిటీ యను చిన్న యూరు కలదు. పేరునకు నగరమే గాని అప్పటి జనసంఖ్య వేయికి కొంచెము మించినది మాత్రమే. ఊరివారిలో నూటికి సుమారు 95 మంది లాటిన్ అమెరికా సంతతివారు, పెక్కురు వ్యవసాయ కూలీలు. నూటికి సుమారు 40 మంది స్పానిషు తప్ప వేఱొక భాష నెరుగరు. ఊరికి నాలుగు మైళ్ల లోపుననే విషవ్యర్థములను పూడ్చు పెద్దస్థలము అప్పటికే యుండెను. 1980 దశకము చివర, అచ్చటనే విషవ్యర్థములను కాల్చు కొలిమి నొకదానిని కట్టుటకు ఒక సంస్థ అనుజ్ఞ కోరెను.

చట్టము ప్రకారము పర్యావరణ ప్రభావ నివేదిక సిద్ధమయ్యెను. అది దాదాపు 1000 పుటల గ్రంథము, అంతయు ఇంగ్లీషే. దానిని స్పానిషులోనికి అనువదింపుడని ఊరివారు పలుమారులు వేడిరి. కౌంటీ అధికారులు అంగీకరింపలేదు. కొన్ని పుటల సంగ్రహము మాత్రమే స్పానిషులో వెలువడెను. బహిరంగ విచారణ ఊరిలో గాక, 30 మైళ్లకు పైబడిన దూరమునగల హాన్‌ఫోర్డ్ పట్టణమున జరిగెను. అనుజ్ఞ మంజూరయ్యెను. ఊరివారు న్యాయస్థానమున కెక్కిరి. 1991 డిసెంబరులో శాక్రమెంటో ఉన్నత విచారణ న్యాయస్థానము తీర్పు చెప్పుచు, గాలికిని వ్యవసాయమునకును గలుగు హానిని నివేదిక చక్కగా విమర్శింపలేదనియు, స్పానిషు అనువాదము లేకపోవుటచేత ప్రజలు విచారణలో సార్థకముగా పాల్గొనలేకపోయిరనియు నిర్ణయించెను. 1993లో ఆ సంస్థ తన ప్రతిపాదనను ఉపసంహరించుకొనెను.

విచారణ జరిపించితిమి, నివేదికను అందుబాటున నుంచితిమి, చట్టమును పాటించితిమి అని అధికారులు చెప్పుకొనవచ్చును. కాని చదువలేని నివేదిక ఎదుట నున్నను లేనట్లే యని న్యాయస్థానము గ్రహించెను. పర్యావరణ న్యాయ ప్రణాళికోద్యోగి నేడు చేయు పనిలో సగము ఈ తీర్పులోని సత్యమును ముందుగానే అమలు జరుపుట యని చెప్పవచ్చును.

బాధను కొలుచు విధానము

మిగిలిన సగము కొలత. ఏ ప్రాంతము ఎక్కువ బాధ పడుచున్నదో నిరూపించిననే గాని ప్రభుత్వ ధనమును అచ్చటికి మళ్లించుటకు వీలుపడదు. అందులకై కాలిఫోర్నియావారు 2013లో కాల్ఎన్విరోస్క్రీన్ అను కొలమానమును రూపొందించిరి. 2021 అక్టోబరులో వెలువడిన దాని నాలుగవ కూర్పులో రాష్ట్రమును సుమారు 8000 జనగణన ఖండములుగా గైకొని, ఒక్కొక్క ఖండమును 21 సూచికలచేత పరీక్షించిరి. వీనిలో 13 సూచికలు కాలుష్యభారమునకు సంబంధించినవి: ఓజోను, సన్నని ధూళి, డీజిలు పొగ, త్రాగునీటిలోని మలినములు, పురుగుమందులు, విషవ్యర్థముల స్థలములు మున్నగునవి. తక్కిన 8 అచ్చటి జనుల స్థితికి సంబంధించినవి: ఉబ్బసము, హృద్రోగము, తక్కువ బరువుతో పుట్టు శిశువులు, దారిద్ర్యము, నిరుద్యోగము, చదువు లేమి, ఇంటి వ్యయభారము, భాషా ఏకాకిత్వము.

ఈ రెండు తెగల సూచికలను కూడుటకు బదులు గుణింతురు. ఒక్కొక్క తెగకు గరిష్ఠము 10. లబ్ధము గరిష్ఠము 100. రెండు పేటలలో కాలుష్యభారము సమానముగా 8 అనుకొందము. ఒకదానిలో జనుల స్థితిసంఖ్య 3 అయినచో లబ్ధము 24. రెండవదానిలో 9 అయినచో 72. ఒకే పొగ, ఆరోగ్యవంతునికి దగ్గు పుట్టించి, ఉబ్బసముగల బీదబిడ్డను ఆసుపత్రి పాలు చేయును గదా! ఆ తారతమ్యమునే ఈ గుణకారము చూపుచున్నది.

ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది: తొలికూర్పులో జాతి కూడ ఒక సూచికగా నుండెను. ప్రభుత్వ కార్యములందు జాతినిబట్టి ప్రత్యేకాదరము చూపరాదని 1996లో ఆ రాష్ట్రమువారు రాజ్యాంగ సవరణ చేసికొనియున్నందున, ప్రభుత్వ కార్యాలయములు సంకోచము లేక వాడుకొనుటకు వీలుగా 2013 సెప్టెంబరులోనే దానిని తొలగించిరి. రెండవది: భాషా ఏకాకిత్వ మనగా 14 ఏండ్లు నిండినవారిలో ఇంగ్లీషు చక్కగా మాటలాడగలవారు ఇంటిలో నొకరును లేకుండుట. అట్టి ఇండ్లు నూటి కెన్ని యున్నవో లెక్కింతురు. భాష రాకుండుటను పొగతోను, మురికినీటితోను పాటు బాధగా నెంచి లెక్కించుట మనము మఱువరాని విశేషము.

ఈ కొలతకు ధనబలము కూడ కలదు. కర్మాగారములు విడుచు వాయువులకు వెలగట్టి ప్రభుత్వము రాబట్టు ధనములో నూటికి 25 వంతులు వెనుకబడిన ప్రాంతములకు ఉపకరింపవలయునని 2012లో చట్టము చేసిరి. ఆ 25 వంతులును ఆ ప్రాంతములలోనే వ్యయపఱుపవలయునని 2016లో దానిని దృఢపఱచిరి.

ఉద్యోగి చేయు పనులు

ఈ యుద్యోగి పని పటముతో ప్రారంభమగును గాని పటముతో ముగియదు. లెక్కలలో కనబడని సంగతులు వీథిలో కనబడును. అందుచేత నతడు పేటలకు పోయి, ఏ వేళ లారీలు ఎక్కువగా నడచునో, ఏ బడి ప్రక్కన పొగ నిలుచునో స్థానికుల నడిగి తెలిసికొనును. 2017 నాటి చట్టము ననుసరించి, 2018లో పది ప్రాంతములను వాయురక్షణకై మొదట ఎన్నుకొనిరి. రేవునకును, పెద్ద రహదారులకును నడుమ చిక్కుకొనిన పశ్చిమ ఓక్లండు వానిలో నొకటి. 2019లో దాని ప్రణాళికను స్థానికుల సంస్థయు, ప్రాంతీయ వాయుమండలియు కలిసి సిద్ధముచేసిరి.

సభ జరుపుటయు అతని పనియే. కూలిపనివారు పగటివేళ సభకు రాజాలరు. కనుక సాయంకాలము, ఊరి బడిలో, దుబాసీల సహాయముతో జరుపవలయును. బిడ్డలను చూచుకొనువారు లేనిచో తల్లులు రాలేరు; దానికిని ఏర్పాటు కావలయును. వచ్చిన అభ్యంతరముల నన్నిటిని వ్రాసికొని, దేనిని అంగీకరించితిరో, దేనిని ఏల నిరాకరించితిరో సమాధానము వ్రాయించుట అన్నిటికంటె కష్టమైన పని. దానివలననే ప్రజలకు ప్రభుత్వముపై విశ్వాసము నిలుచుటయో, పోవుటయో జరుగును.

ఇక హద్దులు. అనుజ్ఞ నిరాకరించు అధికారము సాధారణముగా ఇతనికి లేదు. ఏ నేలలో నేది కట్టవచ్చునో నిర్ణయించువి నగరములును కౌంటీలును. వెనుకబడిన ప్రాంతములుగల నగరములు తమ ప్రణాళికలలో పర్యావరణ న్యాయమును చేర్చవలయునని 2016 నాటి చట్టము విధించినది. దానిని ఎట్లు చేర్చవలయునో సలహా చెప్పుట రాష్ట్రోద్యోగి వంతు. కొలమానమునకును లోపములు గలవు. లెక్కలు చాలని ఖండములును, ఆదిమజాతుల భూములును దానిలో సరిగా కనబడలేదు. 2022లో వానిని వేరుగా జాబితాలో చేర్చవలసి వచ్చినది. నడుమ నిలిచిన యీ యుద్యోగిని ప్రజలు ప్రభుత్వపక్షమువాడని శంకింతురు. కార్యాలయమువారు ప్రజాపక్షమువాడని విసుగుకొందురు. రెండు నిందలను ఓర్చుకొని పనిచేయుట ఆ వృత్తిలోని ధర్మము.

మన సంగతి

ఇపుడు మన యిండ్లవైపు చూతము. బళ్లారి ఇనుపగనుల ధూళియు, 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కోలారు బంగారుగనులు విడిచిపోయిన సైనైడు దిబ్బలును, ఉత్తర చెన్నపట్టణమందలి ఎన్నూరు, మణలి ప్రాంతముల పొగయు, చంద్రపురము బొగ్గుగనుల మసియు తెలుగువారు తరతరములుగా నివసించు చోట్లనే యున్నవి. కెటిల్‌మన్ సిటీలో స్పానిషునకు పట్టిన స్థితి ఇచ్చట తెలుగునకు పట్టుట కవకాశము లేకపోలేదు.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ప్రకారము పెద్ద పరిశ్రమలకును గనులకును పెక్కింటికి ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలయును. దానిని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి యేర్పఱచును. కలెక్టరు గాని, అదనపు కలెక్టరునకు తగ్గని ప్రతినిధి గాని నిర్వహించును. కనీసము 30 దినముల ముందు ప్రకటింపవలయును. నివేదిక సంగ్రహము ఇంగ్లీషులోను, రాష్ట్రపు అధికారభాష లేక స్థానికభాషలోను ఉండవలయును. సభ చివర, వ్రాసికొనిన అభిప్రాయములను స్థానికభాషలో చదివి వినిపింపవలయును. సభకు ఇంతమంది రావలయునను నియమము లేదు. కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో సంగ్రహము నిచ్చినచో నియమము తీరినట్లే యని అధికారులు భావింపవచ్చును. స్థానికభాష యను మాట మనకొక ద్వారము తెఱచి యుంచినది. ఆ ద్వారమును తట్టవలసినవారము మనమే.

ఆధారములు లేకపోలేదు. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము, రాష్ట్రములో వాడుకలోనున్న ఏ భాషలోనైనను తన కష్టమును ఏ యధికారికైనను విన్నవించుకొనుటకు ప్రతివ్యక్తికిని హక్కు కలదు. జిల్లాలో గాని, అంతకంటె చిన్న విభాగములో గాని నూటికి కనీసము 15 మంది మాటలాడు భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వెలువడవలయునని భాషాల్పసంఖ్యాకుల రక్షణలలో చెప్పియున్నారు. 2020లో పర్యావరణ ప్రభావ నియమముల కొత్త ముసాయిదా ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే వెలువడగా, ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోనికిని దానిని అనువదింపవలయునని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ సంవత్సరము జూన్ 30న ఆదేశించినది.

కనుక మన సంఘములు మూడు పనులు చేయదగును. ప్రకటన వెలువడిన వెంటనే, 30 దినముల గడువులోపల, తెలుగు సంగ్రహమును కోరుచు కలెక్టరునకును మండలికిని విన్నపము పంపవలయును. ఇంగ్లీషును, సాంకేతిక విషయములను ఎరిగిన మన యువకులు, యువతులు ఆ నివేదికను చదివి పేటలలో పెద్దలకు తెలుగున వివరింపవలయును. సభ చివర అభిప్రాయములను చదువునపుడు, మనవారు చెప్పినది చెప్పినట్లు వ్రాసిరో లేదో చెవియొగ్గి విని సరిచేయింపవలయును.

ఈ పనిలో పొరుగువారితో వైరమునకు తావు లేదు. కన్నడిగుని బావికిని, తెలుగువాని బావికిని ఊట యొక్కటే. తమిళుని యింటిపై వ్రాలు మసియే తెలుగువాని యింటిపైనను వ్రాలును. వారికి తమ భాషలో తెలిసిన సంగతి మనకును మన భాషలో తెలియవలయునని మాత్రమే మన కోరిక. తెలుగు బడులకొఱకును, గ్రంథాలయములకొఱకును ఇంతకాలము పాటుపడిన మన సంఘములు, త్రాగునీటిని గూర్చిన కాగితము తెలుగులో నుండవలయునని కోరుటకును నడుము కట్టునని ఆశించుచున్నాను.