వెలుగురేఖల భాండారము

పొయ్యిలోని మంటపై చిటికెడు ఉప్పు చల్లినచో మంట పసుపువన్నె దాల్చును. ఉప్పులోని సోడియమే దీనికి కారణము. ఆ వెలుగును సన్నని చీలిక గుండాను, పిదప గాజు పట్టకము గుండాను పంపి చూచినచో పసుపుభాగమున మిక్కిలి చేరువగా రెండు గీతలు కనబడును. ఇట్లు విడివడిన వెలుగునకు వర్ణపటమని పేరు. ప్రతి మూలకమునకును తనవైన రేఖలు కలవు. మనుష్యునకు వ్రేలిముద్ర యెట్టిదో మూలకమునకు వర్ణపటము అట్టిది.

అయితే ముద్ర దొరికినంత మాత్రమున మనుష్యుడు దొరకడు. పోల్చి చూచుటకు పూర్వపు ముద్రలు భద్రముగా నుండవలెను. వర్ణపటముల విషయమునను ఇంతే.

ఈ సత్యమునకు తెలుగుదేశమే సాక్షి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునందును, మద్రాసు ఖగోళశాస్త్రజ్ఞుడు నార్మన్ పాగ్సన్ బందరునందును సూర్యుని అంచున లేచు జ్వాలల వర్ణపటమును పరిశీలించిరి. సోడియం రేఖల స్థానముననో, దాని సమీపముననో ఒక రేఖ కనబడినట్లు పాగ్సన్ వ్రాసెను. కాని ఆయన నివేదికకు ఐరోపా శాస్త్రజ్ఞుల నడుమ తగినంత ప్రచారము కలుగలేదు.

ఆ సంవత్సరమే ఇంగ్లండులో లాకియర్ గ్రహణము లేకయే ఆ జ్వాలలను పరిశీలించెను. ఆ పసుపురేఖ సోడియమునకు చెందినది కాదనియు, తెలిసిన ఏ మూలకమునకును చెందదనియు తేలెను. తెలిసిన రేఖలు ముందే కొలిచి యుండుటచేతనే తెలియని రేఖ బయటపడినది. ఆ క్రొత్త మూలకమునకు హీలియం అని పేరిడిరి. 1895లో రామ్సే భూమిమీది ఖనిజమునుండి వెలువడిన వాయువునందు అదే రేఖ కనబడెను. ఈ కథలో జాన్సెన్, లాకియర్ల పేర్లు ప్రసిద్ధికెక్కినవి. బందరు పరిశీలన మరుగున పడినది. చూచుట యెంత ముఖ్యమో, చూచినదానిని అందరికి అందించుటయు అంత ముఖ్యము.

నేడు ఈ పనికై కంప్యూటరులలో సమాచారనిధులు ఏర్పడినవి. అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థ మూలకముల రేఖలను, వాని తరంగదైర్ఘ్యములను కూర్చి రుసుము లేకుండ అందించుచున్నది. జపానులోని జాతీయ పరిశోధనా సంస్థ యొకటి కర్బన సమ్మేళనముల వర్ణపటములను అట్లే ఉంచినది. మన దేశమున కొడైకెనాల్ వేధశాలలో నూరేండ్లకు పైబడి తీసిన సూర్యుని చిత్రములను కంప్యూటరులకెక్కించి పరిశోధకులకు అందుబాటులో నుంచిరి.

ఇట్టి నిధిలో గీతల పట్టిక మాత్రమే యున్న చాలదు. ఏ పరికరముతో, ఏ ఉష్ణోగ్రతలో, ఏ తేదీన కొలిచిరో తెలుపవలెను. లేనిచో ఆ అంకెలను నమ్మి పోల్చుట సాధ్యము కాదు. ప్రతులు ఒకటికంటె ఎక్కువ తావులలో నుండవలెను. కంప్యూటరులు మారినపుడెల్ల పాత సమాచారమును క్రొత్త రూపములోనికి మార్చుచుండవలెను.

దీని ప్రయోజనము శాస్త్రజ్ఞులకే పరిమితము కాదు. తిరువూరు ప్రాంతములోని ఎ.కొండూరు పరిసర తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎన్నో యేండ్లుగా కుటుంబములను బాధించుచున్నది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానమునందును ఇట్టి వ్యాధియే కలదు. త్రాగునీటిలో ఏ లోహము ఎంత కలదో తెలిసికొనుటకు ప్రయోగశాలలు వర్ణపట పరీక్షను ఆశ్రయించును. ఆ ఫలితములు ఒక్కొక్క కార్యాలయపు బీరువాలో మూతపడి యున్నచో ఒకరి శ్రమ మరొకరికి అక్కరకు రాదు. రెండు తావుల కొలతలును, పాతవియు క్రొత్తవియు, అందరికి కనబడునట్లున్నచో వానిని పోల్చి కారణమును వెదకుట సులభమగును.

బావి త్రవ్వినవాడొక్కడే నీరు త్రాగడు, ఊరంతయు త్రాగును. కొలిచి వ్రాసిన విజ్ఞానమును అట్లే ఊరుమ్మడి సొత్తు కావలెను.